ఫిల్టర్ సిగరెట్ పొగలో విషం తగ్గుతుందా? క్యాన్సర్ తెచ్చేవి అందులో ఏవి?

ప్రశ్న: హన్మకొండ వాసి

నమస్కారం. మా బాపుకు ఇప్పుడు 68 ఏళ్ళు. ఆజంజాహి బట్టల మిల్లులో దాదాపు ఇరవై ఏళ్ళు పనిచేశారు. ఆ రోజుల నుంచీ బీడీ అలవాటు ఉంది, రోజుకు ఒక కట్ట ఖాళీ అయ్యేది. ఆరేళ్ళ క్రితం మా అమ్మ పోయిన తరువాత నా దగ్గరికి వచ్చి ఉంటున్నారు. నా పోరు పడలేక బీడీ వదిలి ఫిల్టర్ సిగరెట్‌కు మారారు. రోజుకు ఆరో ఏడో తాగుతారు, అంతకు మించి తగ్గించనని తేల్చి చెప్పేశారు. నేను ఏదైనా అంటే, తాగి ఆర్పిన ముక్కను గోటితో చీల్చి, లోపల పసుపు రంగుకు తిరిగిన భాగాన్ని చూపించి, "విషమంతా ఈ దూదిలనే ఆగిపోయింది, ఇంక నా లోపటికి పోయేదేముంది" అంటారు.

రెండు నెలలుగా పొద్దున లేవగానే దగ్గు వస్తోంది, కళ్లె పడుతోంది. అది మిల్లు పెట్టిన జబ్బేనని, ఇరవై ఏళ్ళు దూది దుమ్ము పీల్చిన ఛాతీకి ఈ పొగ ఒక లెక్కలోకి రాదని ఆయన వాదన. మా తమ్ముడి వాదన ఇంకొకటి. అసలు దోషం నికోటిన్‌దేనట, కాబట్టి మందుల దుకాణంలో దొరికే నికోటిన్ చూయింగ్ గమ్ నమిలినా వచ్చే క్యాన్సర్ వస్తుందట, అందువల్ల మాన్పించే ప్రయత్నమే దండగట. ఇద్దరికీ జవాబు చెప్పేంత చదువు నాకు లేదు.

బాపు యంత్రాల మధ్య బతికిన మనిషి. ఏ పని ఎలా జరుగుతుందో విప్పి చెబితే వింటారు, భయపెడితే లేచి వెళ్ళిపోతారు. అందుకే పొగలో ఏముందో, అది లోపల ఏం చేస్తుందో తెలిసినవారిని అడుగుతున్నాను. ఇంకొక సంగతి: మా పాపకు నాలుగేళ్ళు. ఆయన డాబా మీద తాగి కిందికి రాగానే పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారు. దాని గురించి కూడా చెప్పగలరు.


జవాబు: కాజీపేట, రసాయనశాస్త్ర అధ్యాపకుడు

మీ బాపు గారు ముక్కను చీల్చి చూపించడం నాకు నచ్చింది, ఎందుకంటే అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. ముందుగా, అది దూది కాదు. పత్తిని చేతితో ఎరిగిన మనిషి కనుక ఒక పోగు లాగి చూస్తే ఆయనే చెప్పగలరు. అది సెల్యులోజ్ అసిటేట్ అనే పదార్థంతో చేసిన పోగుల కట్ట. పొగలో కంటికి కనిపించే భాగం చాలా సన్నని తారు బిందువులు, వాటిలో చాలా వరకు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవి. వాటిలో కొంత భాగాన్ని ఆ పోగులు పట్టుకుంటాయి, అందుకే రంగు మారుతుంది. మిగిలినది దాటిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్ వంటి వాయువులను ఆ పోగులు దాదాపు ఏమీ ఆపలేవు. రంగు మారినంత మాత్రాన వడపోత బాగా జరిగినట్టు కాదన్న సంగతి సిగరెట్ కంపెనీలకు ఎప్పటి నుంచో తెలుసు. 1953లో ఒక అమెరికా కంపెనీలోని రసాయనవేత్త, పొగ తగిలిన కొద్దీ ఫిల్టర్ రంగు మారేలా చేస్తే, వడపోత ఏమీ మెరుగుపడకపోయినా తాగేవారికి నమ్మకం కుదురుతుందని ప్రతిపాదించాడు. మీ బాపు గారు చూపిస్తున్న పసుపు రంగు సరిగ్గా ఆ నమ్మకమే.

ఇక పొగలో ఏముంది అన్న ప్రశ్న. ఇప్పటివరకు గుర్తించిన రసాయనాలు 7,000కు పైబడి ఉన్నాయి, వాటిలో సుమారు 70 క్యాన్సర్ కలిగించేవని తేలింది. ఇన్ని పేర్లు చెప్పినా ఎవరికీ గుర్తుండవు గనుక, నేను తరగతిలో అవి ఎక్కడి నుంచి వస్తాయన్నదాన్ని పట్టుకుని చెబుతాను.

కొన్ని నేల నుంచి వస్తాయి. పొగాకు మొక్క మట్టిలోని కాడ్మియంను బాగా లాగి ఆకుల్లో దాచుకుంటుంది. ఫాస్ఫేట్ ఎరువులతోనూ గాలితోనూ వచ్చే పొలోనియం-210 అనే రేడియోధార్మిక పదార్థం ఆ ఆకుల మీది జిగురు నూగుకు అంటుకుంటుంది. కొన్ని ఆకును ఆరబెట్టి మాగబెట్టేటప్పుడు పుడతాయి. అప్పుడు ఆకులోని నికోటిన్, దాని జాతి పదార్థాలు నైట్రైట్‌తో కలిసి నైట్రోసమైన్లుగా మారుతాయి. వాటిలో ఎన్‌ఎన్‌కే, ఎన్‌ఎన్‌ఎన్ అనే రెండింటిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. కాల్చకుండా నమిలే తంబాకులో కూడా ఇవి ఉంటాయి.

మిగిలినవి నిప్పు తయారు చేసేవి, పెద్ద రాశి ఇదే. పీల్చినప్పుడు సిగరెట్ కొన దగ్గర వేడి సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడ్‌కు చేరుతుంది. దాని వెనుకే, వేడి ఉండి గాలి చాలని ఒక చిన్న ప్రదేశం ఉంటుంది. పచ్చి కట్టెలు పెట్టిన పొయ్యి ఎలా మండీ మండక నల్లటి పొగ కక్కుతుందో, అక్కడ ఆకు అలాగే సగం సగం కాలుతుంది. ఆ సగం కాలిన ఆకులోంచే బెంజీన్, ఫార్మాల్డిహైడ్, 1,3-బ్యూటాడయీన్, అన్నిటికన్నా ఎక్కువగా పరిశోధించిన బెంజోపైరీన్ వస్తాయి. బెంజోపైరీన్ కొత్త విషమేమీ కాదు. లండన్‌లో చిమ్నీలు తుడిచేవారికి మసి వల్ల వృషణాల సంచి మీద క్యాన్సర్ వస్తోందని పర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు 1775లోనే రాశాడు. బొగ్గు తారులో క్యాన్సర్ కలిగించే గుణం ఉన్న బెంజోపైరీన్‌ను శాస్త్రజ్ఞులు 1930లలో విడదీసి చూపించారు.

అది లోపల చేసే పని విచిత్రమైనది. బెంజోపైరీన్ తనంతట తాను పెద్దగా హాని చేయదు. నీటిలో కరగని ఆ పదార్థాన్ని బయటకు పంపడానికి మన కణాల్లోని ఎంజైములే దానికి ఆక్సిజన్ తగిలిస్తాయి. అలా మార్చే క్రమంలో పుట్టిన ఒక రూపం డీఎన్‌ఏలోని గ్వానిన్ అనే అక్షరానికి గట్టిగా అతుక్కుంటుంది. కణం తన డీఎన్‌ఏను నకలు తీసుకునేటప్పుడు ఆ అక్షరాన్ని తప్పుగా చదువుతుంది. కణం అదుపు తప్పకుండా కాపలా కాసే పీ53 అనే జన్యువులో, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు తరచుగా పాడై కనిపించే స్థానాలకే ఈ పదార్థం అతుక్కుంటుందని 1996లో ప్రయోగశాలలో చూపించారు. మగ్గం మీద ఒక పోగు తెగితే నేత మొత్తం పాడు కాదు, కానీ పోగు తెగిందని చూసి యంత్రాన్ని ఆపే మనిషే లేకపోతే ఏమవుతుందో మీ బాపు గారికి తెలుసు.

ఇంట్లో చేయదగిన ప్రయోగం ఒకటి ఉంది. ఒక ఖాళీ లీటరు సీసా అడుగున చిన్న రంధ్రం చేసి, వేలు అడ్డుపెట్టి నీళ్ళు నింపండి. మూతకు ఇంకొక రంధ్రం చేసి, అందులో లోపలి వైపు కొంచెం తెల్ల దూది, బయటి వైపు ఆయన తాగే ఫిల్టర్ సిగరెట్‌ను ఫిల్టర్ వైపు నుంచి బిగించండి. వెలిగించి వేలు తీస్తే, నీళ్ళు కారుతున్న కొద్దీ సీసా పొగను లాగుతుంది. డాబా మీదనే చేయండి, పాపను దగ్గరికి రానివ్వకండి. ఆ దూది ఫిల్టర్ దాటి వచ్చిన పొగను మాత్రమే చూస్తుంది. దాని రంగు ఆయనే చూడాలి.


జవాబు: జగిత్యాల, బీడీలు చుట్టిన ఇంటి ఆడబిడ్డ

తమ్ముడూ, సార్ చెప్పినదానికి నేను ఒక మాట కలుపుతాను, ఎందుకంటే మీ బాపు లెక్కలో బీడీ వాటా పెద్దది. ఆరేళ్ళ సిగరెట్ గురించి మాట్లాడుతూ అంతకు ముందటి ముప్పై నలభై ఏళ్ళ బీడీని మరిచిపోకండి.

మా అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది. ముందు రోజు రాత్రి తునికాకు నానబెట్టేది, పొద్దున కత్తెరతో ముక్కలు కోసి, ఒక్కొక్క ముక్కలో చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, దారం కట్టి, కొనను గోటితో మడిచేది. ఆ చిటికెడు ఎంతో చూసినవాళ్ళు బీడీలో ఏముందిలే అనుకుంటారు. ఒక బీడీలో సుమారు 0.2 గ్రాముల పొగాకు మాత్రమే ఉంటుంది, సిగరెట్‌లో దానికి మూడింతలకు పైనే ఉంటుంది. అయినా బీడీ పొగ నుంచి నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కన్నా ఎక్కువగానే లోపలికి పోతాయి. దానికి కారణం ఆకే. సిగరెట్ కాగితం గుండా గాలి ఆడుతుంది. తునికాకు గుండా అంతగా ఆడదు కాబట్టి లాగకపోతే బీడీ ఆరిపోతుంది, తాగేవాళ్ళు మాటిమాటికీ, లోతుగా లాగవలసి వస్తుంది. మన దగ్గర సిగరెట్ కన్నా బీడీ తాగేవారే ఎక్కువ. 2016-17లో దేశమంతటా జరిపిన సర్వేలో పెద్దవారిలో 7.7 శాతం మంది బీడీ, 4 శాతం మంది సిగరెట్ తాగుతున్నారని తేలింది. అయినా ఎవరు మాట్లాడినా సిగరెట్ గురించే మాట్లాడతారు, ఇది నాకు ఎప్పుడూ కొరుకుడుపడదు.

చుట్టేవాళ్ళకు పొగ ఉండదు గాని దుమ్ము ఉంటుంది. తంబాకు జల్లెడ పట్టిన రోజు మా ఇంట్లో అందరం తుమ్ముతూనే ఉండేవాళ్ళం. ఆ తంబాకు మీదనే మా చదువులు సాగాయి, అందుకే దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు, దాచడానికీ మనసు రాదు.

మా మేనమామ సంగతి చెప్పి ముగిస్తాను. దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో నీడ. చూపించిన చోట టీబీ అని మందులు మొదలుపెట్టారు. తెమడ పరీక్షలో ఏమీ దొరకకపోయినా నాలుగు నెలలు అవే మందులు నడిచాయి. గొంతు బొంగురుపోయిన తరువాత హైదరాబాద్ తీసుకుపోతే, ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. అప్పటికే అది గొంతుకు వెళ్ళే నరం దాకా పాకింది. పొగ తాగే పెద్ద వయసు మనిషికి టీబీ మందులతో గుణం కనిపించకపోతే వెంటనే రెండో అభిప్రాయం అడగండి.


జవాబు: నర్సంపేట రైతు

మా తాత రోజుకు నాలుగు చుట్టలు తాగి 92 ఏళ్ళు బతికాడు. మా ఊళ్ళో ఏనాడూ బీడీ ముట్టని మనిషి క్యాన్సర్‌తో పోయాడు. అందుకని ఈ రసాయనాల లెక్క అంతా ఒప్పుకోవడం నాకు కష్టంగా ఉంది.


జవాబు: కాజీపేట, రసాయనశాస్త్ర అధ్యాపకుడు

మీ తాత గారి సంగతి అబద్ధం కాదు, అలాంటివారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. డీఎన్‌ఏ అక్షరాన్ని తప్పుగా చదవడం అని పైన చెప్పానే, అది ప్రతి దమ్ముకూ కీలకమైన చోటే జరగదు, జరిగినా చాలా వరకు కణం సరిదిద్దుకుంటుంది. ఒకే కణంలో సరిదిద్దని తప్పులు కొన్ని చోట్ల పోగుపడితేనే క్యాన్సర్ అవుతుంది. రోడ్డు మీద కళ్ళు మూసుకుని దాటినవారిలోనూ కొందరు అవతలి ఒడ్డు చేరతారు. ఒక్క మనిషిని చూసి తేలని విషయం కాబట్టే వేలమందిని లెక్కపెట్టవలసి వచ్చింది. 1950లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే పరిశోధకులు ఆసుపత్రి రోగులను పోల్చి చూశారు, ఆ తరువాత బ్రిటిష్ డాక్టర్లనే యాభై ఏళ్ళ పాటు గమనించారు. జీవితాంతం సిగరెట్ మానని వారు, తాగనివారి కన్నా సగటున సుమారు పదేళ్ళు ముందుగా పోయారని 2004లో వెలువడిన ఫలితం చెబుతుంది.

చుట్ట సంగతి కొంచెం వేరు. చుట్ట పొగ క్షార గుణం కలది, నికోటిన్ నోటి నుంచే రక్తంలోకి ఎక్కుతుంది, అందువల్ల చాలామంది లోతుగా పీల్చరు. దెబ్బ ఎక్కువగా నోటికి, గొంతుకు తగులుతుంది. శ్రీకాకుళం వైపు నిప్పు ఉన్న కొనను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలకు అంగిట్లో క్యాన్సర్ రావడం డాక్టర్లు ఎప్పటి నుంచో చూస్తున్నారు. నిప్పు ఎక్కడ ఉంటే జబ్బు అక్కడికి నడిచి వెళ్ళినట్టు ఉంటుంది.


జవాబు: వరంగల్, ఛాతీ వ్యాధుల వైద్యురాలు

ప్రశ్న అడిగినవారికి. ముందు మీ తమ్ముడి మాట తీసుకుంటాను, ఎందుకంటే ఆ మాట వల్ల చాలామంది మానే అవకాశాన్ని పోగొట్టుకుంటున్నారు. నికోటిన్ మనిషిని సిగరెట్‌కు కట్టిపడేస్తుంది, గుండె వేగాన్ని పెంచుతుంది. క్యాన్సర్ తెచ్చే పని మాత్రం దాని చుట్టూ ఉన్న పొగది. గమ్‌లోనూ, చర్మానికి అతికించే పట్టీలోనూ నిప్పు లేదు, తారు లేదు, బెంజోపైరీన్ లేదు. ఆ నికోటిన్ కొన్ని వారాలు అందిస్తూ తగ్గించుకుంటూ వస్తే మానడం తేలికవుతుంది. గమ్‌ను పాన్ నమిలినట్టు నమలకూడదు. కొంచెం నమిలి, నాలుక మీద చురుక్కుమనగానే చెంప వైపు పెట్టి ఆపాలి. లేకపోతే వెక్కిళ్ళు, కడుపులో మంట వచ్చి, ఇది పనికిరాదని పారేస్తారు.

దూది దుమ్ము గురించి బాపు గారు పూర్తిగా తప్పు కాదు. దానివల్ల బిస్సినోసిస్ అనే జబ్బు వస్తుంది. సెలవు తరువాత పనిలోకి వెళ్ళిన మొదటి రోజున ఛాతీ బిగబట్టినట్టు ఉండటం దాని గుర్తు. మిల్లు రోజుల్లో అలా ఉండేదేమో ఆయనను అడగండి. కానీ అదే మిల్లులో పొగ తాగేవారికి ఆ జబ్బు ఇంకా ముదిరేది. కారణం ఇది: ఊపిరి గొట్టాల లోపలి పొర మీద శైలికలు అనే సన్నని వెంట్రుకల వంటివి ఉంటాయి. అవి వరి చేను గాలికి ఊగినట్టు ఒకే దిక్కుకు ఊగుతూ దుమ్మును, కళ్లెను పైకి నెడతాయి. పొగలోని అక్రోలిన్, హైడ్రోజన్ సయనైడ్ వాటిని మొద్దుబారుస్తాయి. అప్పుడు దుమ్మూ పోదు, తారూ పోదు. అందువల్ల మిల్లు దుమ్ము వాదన నిజానికి సిగరెట్ మానడానికే కారణం అవుతుంది. అయితే మిల్లు వదిలి ఇన్నేళ్ళయ్యాక రెండు నెలల క్రితం మొదలైన దగ్గును దూది ఖాతాలో వేయలేము. రెండు మూడు వారాలు దాటిన దగ్గుకు ఎక్స్‌రే, తెమడ పరీక్ష తప్పనిసరి. తెమడలో రక్తపు చారలు, బరువు తగ్గడం, గొంతు మారడం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగవద్దు.

పొగ ఊపిరితిత్తుల దగ్గర ఆగదని కూడా ఆయనకు చెప్పండి. మూత్రాశయ క్యాన్సర్ అనగానే రోగులు ఆశ్చర్యపోతారు. పొగలోని 2-నాఫ్తైలమైన్, 4-అమైనోబైఫినైల్ వంటి పదార్థాలు రక్తంలో కలిసి, మూత్రపిండాలు వడకట్టాక మూత్రంలో చేరి, గంటల తరబడి ఆ సంచి గోడకు తగులుతూ ఉంటాయి. నోరు, స్వరపేటిక, అన్నవాహిక, క్లోమం, మూత్రపిండం, స్త్రీలకు గర్భాశయ ముఖద్వారం కూడా ఈ వరుసలో ఉన్నాయి. బెంజీన్ రక్త క్యాన్సర్‌లో ఒక రకానికి కారణం.

కొన్ని రకాల సిగరెట్లకు ఫిల్టర్ చుట్టూ కంటికి ఆనని రంధ్రాలు ఉంటాయి. వెలుగుకు ఎత్తి పట్టి చూస్తే కనిపించవచ్చు. వాటి గుండా గాలి కలిసి పొగ పలచబడి, గొంతుకు మెత్తగా తగులుతుంది. నికోటిన్ సరిపోక తాగేవారు ఇంకా లోతుగా లాగుతారు. సిగరెట్ తయారీలో 1950ల తరువాత వచ్చిన మార్పుల వల్ల ఊపిరితిత్తుల అంచుల్లో వచ్చే అడినోకార్సినోమా అనే క్యాన్సర్ రకం పెరిగిందని అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రధాన ప్రజారోగ్య అధికారి) 2014 నివేదిక తేల్చింది. రోజుకు ఆరేడే కదా అన్న మాటకు కూడా ఒక జవాబు ఉంది: ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో రోజుకు ఎన్ని అన్నదాని కన్నా ఎన్నేళ్ళు అన్నది ఎక్కువ బరువు తూగుతుంది.

68 ఏళ్ళకు మాని ఏం లాభం అని ఆయన తప్పక అడుగుతారు. పైన సార్ చెప్పిన ఆ బ్రిటిష్ డాక్టర్ల లెక్కలోనే, అరవై ఏళ్ళకు మానినవారు కూడా సుమారు మూడేళ్ళ ఆయుష్షు తిరిగి పొందారు. మానిన పదేళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు, తాగుతూనే ఉన్నవారితో పోలిస్తే దాదాపు సగానికి తగ్గుతుంది. పాప విషయంలో, డాబా మీద తాగడం గదిలో తాగడం కన్నా ఎంతో మేలు, కానీ చాలదు. చొక్కాకూ మీసాలకూ చేతులకూ పట్టిన మడ్డి ఆమె చర్మానికి, నోటికి చేరుతుంది. మానేదాకా కనీసం చొక్కా మార్చి, చేతులు ముఖం సబ్బుతో కడుక్కున్న తరువాతే ఎత్తుకోమనండి. పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ ఉచిత ఫోన్ నంబర్ 1800-11-2356 సిగరెట్ పెట్టె మీదనే అచ్చువేసి ఉంటుంది.


ప్రశ్న అడిగినవారు: హన్మకొండ వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం డాబా మీద సీసా ప్రయోగం చేశాము. సీసా మూతకు రంధ్రం బాపే చేశారు, నేను చేసినది వంకరగా ఉందని. నీళ్ళు సగం కారేసరికి దూది బెల్లం రంగుకు వచ్చింది, సిగరెట్ అయిపోయేసరికి నడిమధ్య ముదురు గోధుమ రంగు చుక్క ఏర్పడింది. ఆయన దూదిని బయటకు తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి వాసన చూశారు. "ఇది ఫిల్టర్ దాటి వచ్చిందా" అని రెండుసార్లు అడిగారు. తరువాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు సాయంత్రం మామూలుగానే ఒకటి తాగారు, కానీ కిందికి వచ్చి చొక్కా మార్చుకున్నారు. సోమవారం డాక్టర్‌కు చూపించుకోవడానికి ఒప్పుకున్నారు. మొదటి రోజు పనిలో ఛాతీ పట్టేసేదా అని అడిగితే, అవునని, ఆ రోజుల్లో మిల్లు వాళ్ళు తీయించిన ఎక్స్‌రే ఒకటి ట్రంకు పెట్టెలో ఉందని చెప్పారు. అంత పాతది పనికి వస్తుందా?


జవాబు: వరంగల్, ఛాతీ వ్యాధుల వైద్యురాలు

తప్పక తీసుకువెళ్ళండి, అది బంగారం లాంటిది. కొత్త ఎక్స్‌రేలో ఏదైనా నీడ కనిపిస్తే, అది అప్పుడే ఉందా, ఈ మధ్య వచ్చిందా అన్నది దాన్ని పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఫిల్మ్ కవరుకు అంటుకుని ఉంటే లాగకండి, కవరుతో సహా అలాగే ఇవ్వండి.